బాయిలర్ పక్కన భోజనం

ఫ్యాక్టరీలో పదేళ్లుగా ప్రమాదం జరగనందుకు ఆ మధ్యాహ్నం విందు పెట్టారు. రోజూ బాయిలర్ పక్కనే స్టూలు మీద కూర్చుని క్యారియర్ విప్పుకునే ఆపరేటరును, గంటసేపు వదిలితే కొంపలేం మునిగిపోవంటూ మేనేజరు తీసుకొచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద అన్నీ వడ్డించారు. అతను మాత్రం ముద్ద ముట్టకుండా గోడవైపు చెవి ఒగ్గి ఉన్నాడు.

ఉన్నట్టుండి లేచాడు.

"కూర్చోవయ్యా, ఈ విందు నీకోసమే," మేనేజరు గొంతు తగ్గించి అన్నాడు.

"బాయిలర్ మోత మారిందండి."

"చూడ్డానికి మీటరు ఉందిగా. పెద్దవాళ్ల ముందు నా పరువు తియ్యకు."

అతను కుర్చీ తోసుకుని పరుగెత్తాడు. వాల్వు తిప్పగానే ఆవిరి బుస్సుమని లేచింది. విందు గది కిటికీలు అదిరాయి. అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని బయటికి ఉరికారు.

మోత నెమ్మదించాక మేనేజరు వచ్చి మీటరు చూశాడు.

"ముల్లు పచ్చగీత మీదే ఉంది కదయ్యా. ఊరికే అందర్నీ హడలగొట్టావు."

అతను వాల్వు బిగించి ఇటు తిరిగాడు.

"రెండేళ్ల నుంచీ అది అక్కడే ఉందండి. మార్పించమని మూడుసార్లు రాసిచ్చాను, మీరు మార్పించలేదు. అందుకే ఈ చప్పుడు వింటూ ఇక్కడే తింటున్నాను."