చిల్లు గిన్నె

పొయ్యి మీద పప్పు పెట్టి, చేతి తొడుగులు వేసుకుని, ప్రొద్దుటూరులోనే కూర్చుని అమెరికా ఎడారిలో మట్టి తీస్తున్నాను. నా చేతులు ఎటు కదిలితే అక్కడి యంత్రం అటు కదులుతుంది. వెయ్యేళ్ల నాటి ఇంటి నేల కింద పసిబిడ్డ ఎముకలు, ముఖం మీద బోర్లించిన గిన్నె, దాని అడుగున చిల్లు కనిపించాయి.

"గిన్నె పైకి తీసి చిల్లు పూడ్చక్కా, మ్యూజియానికి పంపాల" అన్నాడు తెరమీద సూపర్‌వైజర్ హనీఫ్.

"అది పగిలింది కాదు సార్. బిడ్డ ప్రాణం బయటికి పోయేదానికి దారని ఆ తల్లే పొడిచింటాది. నేను తియ్యను."

"పని పోతాది, చూసుకో!"

నాకు అన్నిటికీ భయమే. నిద్రపోయే కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంటాను. ఆ బిడ్డ తల్లీ అట్లే చూసే ఉంటుంది.

"పని పోతే పోనీలే సార్."

హనీఫ్ అరుస్తున్నా, పప్పు మాడుతున్నా చేతులు ఆపకుండా, తీసిన మట్టినంతా తిరిగి ఆ గిన్నె మీద కప్పేశాను.