మెత్తటి కుర్చీ

"వస్తున్నాడు, వస్తున్నాడు! వెనక్కి చూడకు" అని వెర్నన్ భార్య చెవిలో గుసగుసలాడాడు.

లాస్ వేగస్ కాసినోలో, మూడు ముక్కల పోకర్ బల్ల దగ్గర, మధ్యాహ్నం నుంచీ అతను సూత్రం తప్పకుండా ఆడుతున్నాడు. రాణి, ఆరు, నాలుగు, లేదా అంతకు పైన వస్తే డీలర్‌తో తలపడటం, తక్కువైతే ముక్కలు పడేసి డ్రాప్. సూపర్‌వైజరు ఇందాకటి నుంచి అతన్నే గమనిస్తున్నాడు.

"మాటంటే మాటేగా డోరీన్? నన్ను గెంటేస్తే రేపే ఉద్యోగానికి రాజీనామా, ఇక పేకాటే నా సంపాదన!"

"మాటే. బ్లాక్‌జాక్ పేకాటలో తెగ గెలిచి వీళ్ళని ముంచుతున్నాడని మా తమ్ముణ్ణి గెంటేశారుగా. నిన్నూ గెంటేస్తే నీకూ ఆట వచ్చినట్టే."

సూపర్‌వైజరు వచ్చి వెర్నన్ భుజం తట్టాడు. వెర్నన్ ఠీవిగా లేచి, కోటు గుండీ పెట్టుకున్నాడు.

"అయ్యో, లేవకండి సార్! ఆ స్టూలు మీద ఎంతసేపని కూర్చుంటారు? మీకోసం మెత్తటి కుర్చీ తెప్పించాను. రాత్రికి భోజనం మాదే. మీలా పద్ధతిగా ఆడేవాళ్ళు రోజూ రావాలి సార్."

నిజంగానే కుర్చీ వచ్చింది. డోరీన్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

డీలరమ్మాయి అప్పటికే ముక్కలు పంచేసింది. వెర్నన్ నిలబడే ఎత్తి చూశాడు. రాజు, రాణి, తొమ్మిది. సూత్రం ప్రకారం కళ్ళు మూసుకుని ఆడాల్సిన ముక్కలు.

"డ్రాప్" అన్నాడు.

డీలరమ్మాయి ముక్కలు లాక్కుంది. వెర్నన్ కుర్చీ వంక చూడకుండా కోటు గుండీ విప్పుకున్నాడు.

"పద డోరీన్. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాలి."

"వెళ్దువుగానిలే. ముందు ఆ భోజనం సంగతి చూద్దాం పద, మన డబ్బుతో పెడుతున్నదేగా!"