గాలిలో కుడికాలు

"కాలు కదపకు" అంది తల్లి, గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పిండుతూ.

కూతురు కదపలేదు. కదిలే ఓపిక ఆ మోకాలికి లేదు. కట్టు విప్పడం, తుడవడం, మందు రాయడం, మళ్ళీ కట్టడం. మూడు వారాలుగా తెల్లారగానే ఆ ఇంట్లో మొదటి పని ఇదే.

ఇవాళ శుక్రవారం. ఆదివారం బైకు రేసు.

డాక్టరు మాట నాన్చలేదు. ఇంకొక్కసారి ఈ మోకాలి మీద పడితే నడక మర్చిపోవాలన్నాడు. రేసు నేర్పే కోచ్ ఇంకో మాట అన్నాడు. పిల్ల పడుతున్నది వేగం వల్ల కాదు, వేషం వల్ల అని.

ఆ వేషం డేగది.

డేగ ఐదేళ్ళుగా చాంపియన్. మలుపు ముందు బ్రేకు వేసే క్షణంలో కుడికాలు బండి మీంచి దించి గాలిలో వేలాడేస్తాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. బరువు సర్దుకోవడానికని ఒకరు, గాలిని కోయడానికని ఒకరు, వెనకొచ్చేవాణ్ణి బెదరగొట్టడానికని మరొకరు టీవీల్లో గంటల తరబడి చెబుతారు. ఆయన మాత్రం నవ్వి ఊరుకుంటాడు. ఇప్పుడు రేసుల్లో కాలు దించనివాడు లేడు. సైకిళ్ళు తొక్కే పిల్లలు కూడా సందు మలుపులో కాలు దించుతున్నారు.

డేగ నేల మీద నడవగా చూసినవాళ్ళు లేరు. పోటీలో బండి మీద, గెలిచాక జనం భుజాల మీద. ఆ పేరు అందుకే వచ్చిందని అభిమానులు గొప్పగా చెప్పుకుంటారు.

తల్లి పనిచేసేది రేసు సూట్లు బాగుచేసే దుకాణంలో. పడ్డవాళ్ళ తోలు సూట్లు విప్పి, అతికించి, మళ్ళీ కుడుతుంది. డేగ సూటుకి కుడికాలు బిగుతుగా ఉంటుందని ఎలా తెలిసిందో ఏమో, రైడర్లంతా తమకీ అలాగే కుట్టమని ప్రాణం తీస్తున్నారు. కాలు తిమ్మిరెక్కినా సరేనట.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది" అనేది అమ్మమ్మ.

"నక్క గెలిచాక మాట్లాడదాంలే అమ్మమ్మా" అనేది మనవరాలు.

తల్లి బతిమాలింది. తిట్టింది. బండి తాళం దాచింది. రెండు రోజులు అన్నం మానేసింది. ఏం చేసినా పిల్ల దారి పిల్లదే. చివరికి పోయిన వారం, బాగుచేతకి వచ్చిన డేగ సూటు లోపలి జేబులో ఒక చీటీ పెట్టింది. 'మా అమ్మాయి మీ మాట తప్ప ఎవరి మాటా వినదు. కాలు దించొద్దని ఒక్క మాట చెప్పండి.' కింద ఇంటి అడ్రసు.

కట్టు సగంలో ఉండగా సందులో గోల లేచింది.

తల్లి తలుపు తీసేలోపే జనం వాకిట్లోకి వచ్చేశారు. డేగను కింద అడుగు పెట్టనివ్వలేదు. ఎత్తుకుని తెచ్చి, తలుపు పక్కనున్న కుర్చీలో దించారు. వెంట వచ్చిన మేనేజరు అందర్నీ బయటికి నెట్టి తలుపు మూశాడు.

డేగ కుర్చీలో సర్దుకున్నాడు, కుడికాలు చాపుకుని.

"పెద్దవాళ్ళ ఎదుట కాళ్ళు చాపుకోవడమేంటో" అమ్మమ్మ గొణిగింది, అందరికీ వినపడేలాగే.

"ఆ కాలి విలువ మీకు తెలీదు మామ్మగారూ" అన్నాడు మేనేజరు. "బూట్ల నుంచి బొమ్మల దాకా దాని పేరు మీదే అమ్ముడుపోతున్నాయి."

కూతురికి ఇవేవీ వినపడలేదు. వేలాడుతున్న కట్టుతోనే లేచింది. స్టూలు లాగి బండిలా ఎక్కి కూర్చుంది.

"అన్నా, చూడన్నా! ఇలాగేనా? మడమ ఇంకొంచెం బయటికి రావాలా?"

పళ్ళు బిగించి కుడికాలు గాలిలోకి దించింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నవ్వుతూనే ఉంది.

డేగ చాలాసేపు ఆ కాలినే చూశాడు.

"నాకంటే బాగా దించుతున్నావు" అన్నాడు.

"విన్నావా అమ్మా!"

తల్లి అతని ముందు కూలబడింది.

"నేను రాసింది ఇందుకు కాదు బాబూ. మీరలా ఎందుకు దించుతారో నాకు తెలీదు. పిల్లకి ఆ అవసరం లేదని చెప్పండి, చాలు. ఎల్లుండి పడిందంటే ఇక లేవదు. మీకు దణ్ణం పెడతాను."

మేనేజరు అడ్డొచ్చాడు. "అమ్మా, ఆ ఒక్కటీ అడక్కండి. కాలు సంగతి సారు ఎక్కడా మాట్లాడకూడదు. కంపెనీతో ఒప్పందం. కావాలంటే ఫొటో దిగండి. హెల్మెట్ మీద సంతకం పెట్టిస్తా."

"ఆ హెల్మెట్ మోకాలికి తొడగాలా నాయనా?" అంది అమ్మమ్మ.

డేగ నోరు తెరిచాడు. మేనేజరు వైపు చూసి మళ్ళీ మూశాడు.

"నువ్వు వద్దన్నా మాననులే అన్నా" అంది కూతురు మెల్లగా. "చెప్పమంటే వంద చెబుతారు అందరూ. నువ్వు చెప్పేది కాదు, చేసేదే నేను చేస్తా."

తల్లికి మిగిలిన ఆఖరి ఆశ ఆ కుర్చీలో కూర్చున్న మనిషే.

డేగ గోడ పట్టుకుని లేచాడు. తలుపు తనే లాగాడు. సందంతా హోరెత్తింది. వంద ఫోన్లు పైకి లేచాయి. మేనేజరు ఒక్క అంగలో వచ్చి అతని చంక కింద చేయి వేయబోయాడు. డేగ ఆ చేతిని తోసేశాడు. వెనక్కి తిరిగి, స్టూలు మీదున్న పిల్ల తనవైపే చూస్తోందని రూఢి చేసుకున్నాడు.

అప్పుడు ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో మోకాలి దగ్గర ప్యాంటు గుడ్డ పిడికిట బిగించి, చచ్చుబడ్డ తన కుడికాలిని మూటలా ఎత్తి గడప అవతల పెట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.