కూరల బజారుకి డెవలపర్

నాకు అన్నిటికంటే భయం ఒకటే. మార్కెట్ గేటు ముందు కూర్చున్న కూర్మమ్మత్త అక్కడే ప్రాణం విడుస్తుందేమోనని. ఇవాళ్టికి ఎనిమిదో రోజు.

కూర్మమ్మత్త మా మేనమామ పెళ్లాం. అమ్మ పోయాక నన్ను సాకింది ఆవిడే. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి నా నెత్తిన వంకాయల తట్ట పెట్టిందీ ఆవిడే. మున్సిపాలిటీ కూరల బజారులో, రేకుల కింద, ముప్పై ఏళ్లుగా ఆవిడకో చోటు. పక్కనే జగ్గమ్మ చోటు.

ఆ బజారు పడగొట్టి నాలుగంతస్తుల కాంప్లెక్స్ కడతామన్నారు. స్థలం మున్సిపాలిటీది. కట్టేది డెవలపర్. ముప్పై మూడేళ్లు అద్దెలు అతనివే. డెవలపర్ని ఎంచుకోవడం కూడా అయిపోయిందని పేపర్లో పడింది. ఎవరన్నది బజారులో ఒక్కరికీ తెలియదు.

మున్సిపల్ ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన జోగయ్య ఒప్పందం కాగితాలు జెరాక్సు తీయించి తెచ్చాడు. "నా పేరు బైట పెట్టకండి తల్లీ," అని అత్త చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మా వరసలో చదవడం వచ్చింది నాకే. నా చంటిపిల్లాణ్ని జగ్గమ్మ ఒళ్లో పడుకోబెట్టి, కొత్తిమీర కట్టల మధ్య కూర్చుని చదివాను.

మూడు కంపెనీలు ముందుకొచ్చాయి. ఒకదానికి కాగితాలు తక్కువయ్యాయని తీసేశారు. ఒకటి తనంతట తనే తప్పుకుంది. మిగిలినదానికి అనుభవానికిన్ని, ప్లానుకిన్ని అని మార్కులు వేసి, వందకి ఎనభై రెండు ఇచ్చారు.

"పరీచ్చ రాసింది ఒక్కడే. ఫస్టొచ్చీసినాడు," అంది జగ్గమ్మ.

"మన సంగతేటి రాసినారో సూడే," అంది అత్త.

"పాత వ్యాపారులకు అవకాశమును బట్టి షాపులు కేటాయించబడును."

"అవకాశాన్ని బట్టి అంటే ఏటే?"

"ఇస్తే ఇస్తారు, నేకపోతే నేదు."

అత్త చెంబు అందుకుంది. తోటకూర మీద నీళ్లు చల్లింది.

"ఎవుడాడు? పేరు సదువు."

చివరి పేజీ తిప్పాను. కమిషనర్ గారి సంతకం. దాని కింద కంపెనీ తరఫున ఇంకో సంతకం, పేరు.

"జెరాక్సులో పడనేదత్తా," అన్నాను. "అడ్రసున్నాది. భోగాపురం రోడ్డు."

మర్నాడు ముగ్గురం ఆటో కట్టించుకుని వెళ్లాం. అత్త పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. డెవలపర్‌కి ఇవ్వాలని లేత బీరకాయలు ఏరి సంచిలో వేసుకుంది.

"ఆడికీ ఓ తల్లుంటాది," అంది దారిలో. "మొకం సూసి అడిగితే మూలనో సోటు ఇయ్యకపోతాడా."

నేను పిల్లాడి తలమీద కొంగు కప్పి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

మేడ మీద చిన్న గది. బోర్డుంది. తలుపుకి తాళం. కింద మోటార్లు బాగుచేసే ఆయన తల బయటపెట్టి చెప్పాడు. "ఈడికి ఎవులూ రారమ్మా. నెలకోపాలి ఎవులో వొచ్చి బోర్డు తుడిసి ఎల్లిపోతారు."

"నువ్వొస్తన్నావని తెలిసి గోడ దూకీసినాడే కూర్మీ," అంది జగ్గమ్మ.

అత్త నవ్వలేదు. బీరకాయల సంచి తలుపు గొళ్లేనికి తగిలించి మెట్లు దిగింది.

నా భర్త త్రినాథ్ విజయనగరంలో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగాను. "మీ సారుతో ఓ మాట సెప్పకూడదా. అత్తకి రెండు గోనెల సోటు సాలు."

అతను కంచంలోంచి తల ఎత్తలేదు.

"నీకెందుకీ గొడవలు. పిల్లాణ్ని సూసుకో."

పిల్లాణ్నే చూసుకుంటున్నాను. పాలు పడుతున్నాను, పడుకోబెడుతున్నాను. ఏ పూట ఏం చేశానో గుర్తుండడం లేదు.

తర్వాతి వారం రేకులు విప్పేశారు. గేటుకి తాళం వేశారు. జగ్గమ్మా మిగతావాళ్లూ రోడ్డు పక్కకి సర్దుకున్నారు. అత్త మాత్రం గేటు ముందు గోనె పరుచుకుని కూర్చుంది. డెవలపర్ ఎప్పుడో ఒకప్పుడు రాకపోడు, వచ్చినప్పుడు అడుగుతానంటుంది. నీడ లేదు. షుగరు మాత్రలు వేసుకుంటోందో లేదో తెలియదు.

నిన్న జగ్గమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

"నీకోసం అడుగుతన్నాది. నువ్వు సెప్తే ఓ ముద్ద తింటాది. ఓపాలి రాయే."

"పిల్లాడికి జొరం," అన్నాను.

జగ్గమ్మ వాడి నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. నా వైపు చూసింది. గుమ్మం దిగి వెళ్లిపోయింది.

ఆ చివరి పేజీలో కంపెనీ యజమానిగా ఉన్నది నా పేరు, దాని పక్కనున్నది పిల్లాడు పుట్టిన వారానికి ఇన్సూరెన్సని చెప్పి త్రినాథ్ వాళ్ల సారు నాతో పెట్టించుకున్న సంతకమే, అందుకని నా బదులు మీరెవరైనా అటు వెళ్లి ఆవిడ తిన్నదో లేదో ఒక్కసారి చూడండి.