అర్ధరాజ్యం

"ఆ కవిత సదువకు బిడ్డా. నీ కాల్మొక్త."

షామియానా వెనక పౌలు కొడుకు చేతిలోని కాగితం లాక్కోబోయాడు. స్తెఫను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎందుకు సదువద్దు? ఇన్నేండ్లు రామచంద్రం పటేలు చెల్కల రాళ్లేరినవ్. ప్లాట్లు చేస్తే మూలమీదిది నీకే అన్నడు. ఇయ్యాల్టిదాంక కాయిదం చేసిండా?"

"ఫంక్షన్ అయినంక చేస్తనన్నడు. నాకు ఆ మూలదే గావాలె. నువ్వు నోరిప్పితే అది గూడ పోతది."

"నలుగుట్ల సిగ్గువడితేనే ఇస్తరు నాయినా గిసొంటోళ్లు."

మన్సూరాబాద్‌లో రామచంద్రం కొత్త కాలనీకి ఆరోజే ప్రారంభోత్సవం. తన మెట్ట చెల్కంతా డోజర్‌తో చదును చేయించి, సున్నం గీతలు గీయించాడు. సభ అన్నాక ఒక కవి ఉండాలి కదా. దిల్‌సుఖ్‌నగర్ కవి సమ్మేళనాల్లో పేరు తెచ్చుకుంటున్న తన జీతగాడి కొడుకు ఉండగా వేరేవాళ్లెందుకు అనుకున్నాడు. పొగుడుతాడనుకున్నాడు పాపం.

స్తెఫను మైకు ముందు నిలబడ్డాడు. చిన్నప్పుడు అందరూ విన్న కథే. రాక్షసుణ్ణి చంపినవాడికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. ఒక జీతగాడు పోయి చంపాడు. అక్కడిదాకా పాతదే, ఆపైన స్తెఫనుది.

"కొలిచారు రాజ్యం.
కోటకింత, తోటకింత,
రాణిగారి నెమళ్లకింత.
మిగిలింది ఆరడుగులు.
పడుకుని చూసుకో నాయనా,
సరిగ్గా నీ కొలతే!
జేజేలు మహారాజా,
మాట తప్పని మహారాజా!"

జనం విరగబడి నవ్వారు. వెనక నిలబడ్డ కూలీలు ఈలలు వేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రామచంద్రమే. స్తెఫనుకు కడుపు నిండిపోయింది.

రామచంద్రం నవ్వుతూనే మైకు అందుకున్నాడు.

"మా పౌలు కొడుకు మస్తు చెప్పిండు. సుమిత్రమ్మగారూ, మీరు ఏ ప్లాటు అడిగిన్రు?"

గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకోవాలనుకుంటున్న సుమిత్రమ్మ ముందు వరుసలోంచి లేచింది. "ఆ ఈశాన్యం మూలదేనండీ. అది ఎవరికో ఇస్తానని మాటిచ్చానన్నారుగా?"

"ఎవ్వరికీ ఇయ్యలే. మీదే. గడియ గూడ మంచిగున్నది, ఇప్పుడే శంకుస్థాపన చేసుకోండ్రి. ఏయ్ పౌలూ, గడ్డపార తీస్కొని గుంత తియ్!"

మళ్లీ చప్పట్లు మోగాయి.

పౌలు గడ్డపార భుజాన వేసుకుని మూలకు నడిచాడు. సున్నం గీతల మధ్య గడ్డపారను మెల్లగా నేలమీద పడుకోబెట్టాడు.

స్తెఫను పరుగెత్తుకొచ్చాడు. సిగ్గుతో ఏడుపు ముంచుకొస్తోంది.

"తప్పయింది నాయినా. ఈ ప్లాటు పోతే పోనీ. నేను నౌకరి చేసి ఏడనన్న ఇంకోటి కొనిస్త."

"నీ కతల రాజు నయం బిడ్డా," అన్నాడు పౌలు. "ఇచ్చిన ఆరడుగులు మల్ల గుంజుకోలే."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"నీకప్పుడు రెండేండ్లు. పటేలునడిగితే ఈ మూలకే జాగ చూపిచ్చిండు. ఏడుస్తవని నీకెన్నడు చెప్పలే. మీ అమ్మను బొందవెట్టింది గీడనే."