ఒరిహారా గారి రేడియో

కిటికీ పక్క మంచం మీది ఒరిహారా గారు రేడియో గొంతు ఒక్కసారిగా పెంచేశారు.

సుమో కుస్తీల వ్యాఖ్యానంతో నలుగురుండే ఆ వృద్ధాశ్రమం గది దద్దరిల్లిపోయింది.

పక్క మంచం చుట్టూ తెర లాగి, ముతో గారికి డైపర్ మారుస్తున్న చిగూసాకి ఒళ్లు మండింది.

"అమ్మా, కాస్త తగ్గించండి."

రేడియో ఏమాత్రం తగ్గలేదు.

"రోజూ ఇదే వరస. సరిగ్గా నేను తెర లాగేసరికి మొదలు," అని చిగూసా పెద్ద నర్సు దగ్గర మొత్తుకుంది.

"ఆవిడకి చెవుడు, మనకి శిక్ష. పై అంతస్తుకి మార్చేద్దాంలే," అందావిడ.

మార్చేశారు. పీడ విరగడైందనుకుంది చిగూసా.

మర్నాటి నుంచి ముతో గారు మంచినీళ్లు ముట్టలేదు. టీ వద్దు, మిసో చారు వద్దు. మూడో రోజుకి పెదాలు ఎండి పగిలాయి.

"రేపటికల్లా తాగకపోతే ఆస్పత్రికి పంపాల్సిందే," అన్నాడు డాక్టరు.

చిగూసా గుండెల్లో రాయి పడింది. వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

"నా చేతి టీ అంత చేదుగా ఉంటుందా అమ్మా?"

ముతో గారు మొహం గోడవైపు తిప్పుకున్నారు.

"తాగితే మళ్లీ నువ్వు మార్చాలి కదమ్మా."

"మారుస్తాను. నా పనే అది."

"ఎదురు మంచాలవాళ్లకి అన్నీ వినబడతాయి. తెర కళ్లకే అడ్డం. ఆ రేడియో మోగినన్నాళ్లూ నా పరువు దక్కింది."

చిగూసాకి తల కొట్టేసినట్టయింది. ఆరేళ్లుగా ఈ పని చేస్తోంది. తెర లాగడం తప్ప ఇంకేమీ తోచలేదు తనకి.

పరుగున పైకి వెళ్లి, ఒరిహారా గారి ముందు నడుం వంచి నిలబడింది.

"తప్పయిపోయింది. మా గదికి వచ్చేయండి."

"గోల చేస్తానన్నావుగా," అని నవ్వారావిడ. "సరే, చక్రాల కుర్చీ తీసుకురా."

ఆ సాయంత్రం ముతో గారు వరసగా రెండు కప్పుల టీ తాగారు. చిగూసా గుండె బరువు దిగి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

కాసేపటికి తెర లాగబోతూ కిటికీవైపు చూసింది.

ఒరిహారా గారు చెవి మిషన్లు రెండూ తీసి డబ్బాలో పెట్టి, మూత వేసి, తనకి ఒక్క ముక్కా వినబడని రేడియోని ఆఖరిదాకా తిప్పుతున్నారు.