ముప్పై నాలుగు పేర్లు

1872 నవంబరు పదకొండు, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన తొలివాన అప్పుడే ఆగింది. పడమటి గాలి చల్లగా వీస్తోంది. మర్జ్ ఇబ్న్ ఆమిర్ మైదానం నల్లగా, మెత్తగా, దుక్కికి సిద్ధంగా ఉంది.

తల్ రిమ్మాన్ అనే అరబ్బు రైతుల ఊళ్లో ఆ రోజు చేల పంపకం.

అక్కడ భూమి ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. రెండేళ్లకోసారి, తొలివాన పడగానే, ఇంటికో గుర్తు సంచిలో వేస్తారు. చూపులేని నిమ్ర్ తాత ఒక్కొక్కటే పైకి తీస్తాడు. ఎవరి గుర్తు వస్తే వారి పేరు ఊరంతా ఎలుగెత్తి పిలుస్తుంది. ఆ వంతు చేని చెక్క రెండేళ్లపాటు వారిది.

నాగలి పట్టే మగవాడు లేని ఇంటికి వాటా లేదు.

అందుకే భర్త పోయిన ఫిద్దా తొమ్మిదేళ్లుగా పరుల చేలలో రాలిన కంకులు ఏరుకుని బతికింది. ఈ ఏడు కొడుకు ధీబ్‌కు పద్దెనిమిది నిండాయి. ఆమె తన తలపట్టీ నుంచి ఒక నీలిపూస తెంపి సంచిలో వేసింది.

అంజూరపు చెట్టు కింద ఒక కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. నిన్న సాయంత్రం గాడిద మీద వచ్చాడు. మోకాలి మీద ఒక పుస్తకం. అతిథిని మూడు రోజుల దాకా వచ్చిన పని అడగరాదు కనుక ఎవరూ అడగలేదు.

అడగరాదు గాని, ఊహించవచ్చు. కవి అయి ఉంటాడని ఊరిపెద్ద మర్జూక్ తేల్చాడు. కాదు, పెళ్లాంతో పోట్లాడి వచ్చిన మొగుడన్నాడు నిమ్ర్ తాత.

"కవి అయితే గొంతు విప్పడేం?" అంది ఫిద్దా.

"నీ గొంతు విన్నాక ఎవరికుంటుంది ధైర్యం, ధీబ్ తల్లీ?" అన్నాడు మర్జూక్.

అతిథి కూడా నవ్వాడు. కలం మాత్రం ఆపలేదు.

పదిహేడో చెక్కకు నీలిపూస వచ్చింది.

"ధీబ్! ఫిద్దా కొడుకు ధీబ్!"

ఊరికన్నా ముందు ఆమే అరిచింది. ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ కేరింతలు కొట్టారు. పొయ్యి మీది నుంచి దిగిన మొదటి రొట్టె ఫిద్దా అతిథికే ఇచ్చింది.

"ఏం రాస్తున్నావు నాయనా? నీ పని అడగడం లేదు, నీ చేతి పని అడుగుతున్నాను."

"మీ అబ్బాయి పేరమ్మా. మరచిపోకూడదని."

కొడుకు పేరు పాటలోకి ఎక్కుతుందని ఆమె రెండు రోజులపాటు పొయ్యి దగ్గర చెప్పుకుని మురిసిపోయింది.

బుధవారం పొద్దున అతిథి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అక్కా పట్నపు వర్తకుడి మనిషి వచ్చాడు.

వర్తకుడితో ఊరికి అంతకుముందే ఒక ఒప్పందం ఉంది. సర్కారు భూముల గుమాస్తా వస్తే, భూమంతా ఆ వర్తకుడిదేనని చెప్పాలి. పేరు రాయించుకున్నవాడి కొడుకును సర్కారు సైన్యానికి పట్టుకుపోతుందని అందరి భయం. కాగితం మీద నేనుంటాను, చేలో మీరుంటారు అన్నాడు వర్తకుడు. తూర్పున రెండు ఊళ్లు అప్పటికే అలా రాయించేశాయి.

"గుమాస్తా మీ ఊరి నుంచే వస్తూ దారిలో ఎదురయ్యాడు. పుస్తకానికి ముద్ర కూడా వేసేశాడు. ఎవరి పేరు చెప్పారు?" అన్నాడు ఆ మనిషి.

అందరూ అంజూరపు చెట్టు వైపు చూశారు.

"నా బిడ్డ పేరు నా నోటితోనే ఇచ్చేశానా?" అంది ఫిద్దా.

కుర్రవాళ్లు ఇరవై రోజులు కొండగుహల్లో దాక్కున్నారు. సైనికులు రాలేదు. భూముల పుస్తకం వేరు, సైన్యం పుస్తకం వేరు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. మా రొట్టె తిని మా పేర్లు దొంగిలించాడని మర్జూక్ జిల్లాను ఏలే పాషాకు ఫిర్యాదు రాయించాడు. మొదటి వేలిముద్ర ఫిద్దాది.

ఆ తరువాత వానలు కురిశాయి, గోధుమలు పండాయి, ధీబ్ పెళ్లి ఏడు రోజులు జరిగింది. 'పేర్ల దొంగ' అనేది ఆ ఊళ్లో ఒక తిట్టుగా మిగిలిపోయింది.

1911 మే నెలలో వర్తకుడి వారసులు ఆ భూములు అమ్మేశారు. దూరదేశాల నుంచి వచ్చిన యూదులు కొన్నారు. కొన్నవారు డబ్బిచ్చామన్నారు. దున్నేవారు తాతల నాటి నుంచి దున్నుతున్నామన్నారు. రెండూ నిజమే. కాగితం మీద ఉన్నది మాత్రం మూడో మనిషి పేరు. తూర్పు ఊళ్లు రెండూ పరుపులు గాడిదల మీదికెత్తుకుని కదిలిపోయాయి.

వారసుల పటంలో తల్ రిమ్మాన్ కూడా తమదేనన్నట్టు ఉంది. హద్దు కర్రలు ధీబ్ చేలోకి వచ్చాయి.

డెబ్భై అయిదేళ్ల ఫిద్దా కొడుకును వెంటబెట్టుకుని సర్కారు భూముల దఫ్తరుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా పాత పుస్తకం తెరిచి చదివాడు. వర్తకుడి పేరు లేదు. ఉన్నవి ముప్పై నాలుగు పేర్లు, పంపకంలో పిలిచిన వరుసలోనే. పదిహేడోది, ఫిద్దా కొడుకు ధీబ్.

హద్దు కర్రలు ఆ సాయంత్రమే పీకేశారు. ఊళ్లో మూడు గొర్రెలు కోశారు. ఆడవాళ్ల కేరింతలు పక్క కొండదాకా వినిపించాయి.

మర్నాడు ఫిద్దా మళ్లీ దఫ్తరు మెట్లెక్కింది.

"ఇంట్లో మునిమనవడు పుట్టాడు. ఆ రాసినాయన పేరు పెట్టుకుంటాను, చదువు."

గుమాస్తా పుట అడుగున చూసి తటపటాయించాడు. "ఆ పేరు మీకు పనికిరాదేమో, అవ్వా."

"చదవడం నీ పని. పనికొస్తుందో లేదో నేను చూసుకుంటాను."

ఆ శుక్రవారం బిడ్డకు పెట్టిన రహమీమ్ అన్న పేరు, తల్ రిమ్మాన్ ఫిర్యాదు మీద ముప్పై తొమ్మిదేళ్ల కిందట ఉద్యోగం పోగొట్టుకుని, తిబెరియా పట్నంలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ కన్నుమూసిన ఒక యూదు గుమాస్తాది.